తప్పిపోయిన కుక్క మన వాకిటికి వస్తే

పాస్టరు గారు కుక్కను గురించి వ్యాసము రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. ఈ సంవత్సరము లెంటు దినములలో ఒక ఆదివారము వరకు నేను కూడ ఈ సంగతిని గురించి ఎన్నడూ ఆలోచించినవాడను కాను.

ఆ రోజు కాకుమాను దాపున మా సంఘములో ఆరాధన ముగిసి, జనము గుడి ముందు చెప్పులు వేసుకొంటున్నారు. సండే స్కూలుకు వచ్చే ఒక అమ్మాయి, ఏడవ తరగతి చదువుతున్నది, కాలువ కట్ట మీద నుండి ఒక కుక్కను నడిపించుకొని వచ్చింది. ఎర్రని కుక్క. మెడకు తోలు పట్టీ, పట్టీకి చిన్న మువ్వ, దాని నుండి వేలాడుతూ తెగిన గొలుసు. ఆ గొలుసు తుమ్మకంపలో చిక్కుకొని కుక్క అరుస్తూ ఉంటే ఈ పిల్ల విడిపించిందట.

"కర్ర పట్టుకు రండిరా, పిచ్చిదేమో!" అన్నారు ఒక పెద్దాయన. "మంచి కుక్క అయ్యగారూ, నా మిరప కల్లము దగ్గర కాపలాకు పనికొస్తుంది, నేను తోలుకుపోతాను" అన్నారు మరొకాయన. "ఎందుకొచ్చిన గొడవ, గోనె సంచిలో వేసి బాపట్ల రోడ్డున వదిలేస్తే పోలా" అన్నారు మూడో ఆయన. అందరూ నా వైపు చూశారు. నాకు వేదాంత విద్యలో డిప్లొమా ఉన్నది గాని, అందులో ఈ పాఠము లేదు. పాస్టరు బంగళా పెరట్లో వేపచెట్టుకు కట్టించి, గిన్నెలో నీళ్ళు పెట్టించి, సాయంత్రము చూద్దామని అందరినీ పంపించాను.

ఆ ముగ్గురు పెద్దలు చెప్పిన మూడు మార్గములలో చట్టము ఒప్పుకొనేది ఒక్కటి కూడ లేదని సాయంత్రము తెలిసింది.

వకీలు గారి మొదటి ప్రశ్న

మా సంఘస్థుల బంధువు ఒకాయన బాపట్లలో వకీలు. ఆయనకు ఫోను చేసి సంగతి చెప్పగానే, "పాస్టరు గారూ, దాని మెడకు పట్టీ ఉన్నదా?" అని అడిగారు. ఉన్నదన్నాను. "అయితే అది వీధి కుక్క కాదు. అది ఒకరి సొత్తు. మీరు దొరికిన సొత్తుకు కాపలాదారులు, అంతే" అన్నారు.

మన దేశములో 1872 నాటి కాంట్రాక్టు చట్టము ఒకటి ఇప్పటికీ అమలులో ఉన్నది. దాని 71వ సెక్షను ప్రకారము, ఎదుటివాని వస్తువు దొరికి దానిని తన దగ్గర పెట్టుకొన్న వ్యక్తి, అప్పగించబడిన వస్తువును కాపాడే వానివలెనే బాధ్యుడు. తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూచుకొంటాడో దీనిని కూడ అంత జాగ్రత్తగా చూడవలెను. 168వ సెక్షను ఇంకొక న్యాయమైన మాట చెబుతున్నది. దొరికినవాడు తనంతట తాను పెట్టిన ఖర్చు కోసము యజమాని మీద దావా వేయలేడు గాని, ఆ ఖర్చు ఇచ్చేవరకు వస్తువును తన దగ్గర ఉంచుకొనవచ్చును. యజమాని ముందుగానే బహుమానము ప్రకటించి ఉంటే దానికోసము దావా వేయవచ్చును కూడ.

"మరి మా ఆయన కల్లానికి తోలుకుపోతానంటున్నాడే" అన్నాను. అక్కడ వకీలు గారి గొంతు మారింది. పాత శిక్షాస్మృతిలో 403వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షను, ఈ విషయమును గురించే మాట్లాడుతున్నవి. దొరికిన వస్తువును కాపాడుటకో, యజమానికి చేర్చుటకో తీసుకొన్నవానిది నేరము కాదు. కాని యజమాని ఎవరో తెలిసి, లేక తెలుసుకొనే వీలుండి, విచారించకుండ, నలుగురికి తెలియపరచకుండ, తగినంత కాలము ఆగకుండ సొంతము చేసుకొంటే అది నేరమే. కొత్త చట్టములో దానికి ఆరు నెలలకు తక్కువ కాకుండ రెండేండ్ల వరకు జైలు, జరిమానా. తగినంత కాలమంటే ఎన్ని రోజులని చట్టము లెక్క కట్టలేదు. సందర్భమును బట్టి కోర్టు చూస్తుంది.

ఫోను పెట్టేసి నేను బైబిలు తీశాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము మొదటి మూడు వచనములు మీరును తీసి చదువుకొనండి. సహోదరుని ఎద్దు గాని గొఱ్ఱె గాని తప్పిపోవుట చూచి చూడనట్టు ఉండకూడదని అక్కడ ఉన్నది. అతడు దూరమున ఉన్నా, ఎవరో తెలియకపోయినా, దానిని మన ఇంటికి తోలుకొని వచ్చి అతడు వెదకుకొంటూ వచ్చే వరకు ఉంచి అప్పగించాలి. పోగొట్టుకొన్న ఏ వస్తువు విషయములోనైనా ఇంతే. 1872లో దొరలు రాసిన చట్టమునకు, మోషే చెప్పిన మాటకు ఎంత దగ్గర పోలిక! ఈ వచనముల మీద నేను రెండు సార్లు ప్రసంగము చేసి ఉన్నాను. రెండు సార్లూ అది తప్పిపోయిన ఆత్మలను గురించి అని చెప్పానే తప్ప, నిజముగా తప్పిపోయిన పశువును గురించి అని నాకు తోచనే లేదు.

మిరప కల్లము ఆయనకు ఈ సంగతి చెబితే, "దొరికినది దేవుడిచ్చినది గదండీ" అన్నారు. దేవుడు దొరికించినది తిరిగి ఇవ్వడానికేనని వాక్యము చూపించాను. ఆయన మంచివారు, ఒప్పుకొన్నారు. కొంచెము చిన్నబుచ్చుకొన్నారు కూడ.

సోమవారము ఉదయము మేము చేసిన పనులు ఇవి. పట్టీ, మువ్వ కనబడేలాగు ఫోటో తీసి మా సంఘము వాట్సాప్‌లోను, చుట్టుపక్కల పాస్టర్లకు పంపాము. పట్టీ లోపలి వైపు మాత్రము ఎవరికీ చూపించలేదు, ఎందుకో ముందు చెబుతాను. పంచాయతీ కార్యదర్శి గారితో చెప్పి ఊరి మైకులో చెప్పించాము. ఫలానా రోజు ఫలానా చోట ఫలానా కుక్క దొరికింది, మా దగ్గర భద్రముగా ఉన్నదని తెల్ల కాగితము మీద రాసి పోలీసు స్టేషనులో ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకొన్నాము. కుక్కకు ఇంత హంగామాయా అని అక్కడ నవ్వారు గాని, రేపు ఎవరైనా వచ్చి నా కుక్కను దొంగిలించారంటే ఆ కాగితమే మనకు సాక్షి.

చేతి మీద గీత

అసలు భయపడవలసిన సంగతి ఆదివారము రాత్రి బయటపడింది. ఆ అమ్మాయి మా ఇంటికి కుక్కను చూడ్డానికి వచ్చినప్పుడు మా అమ్మగారు (నా భార్య) దాని ముంజేతి మీద ఎర్రని గీత చూశారు. గొలుసు విడిపించేటప్పుడు కుక్క గోరు గీరుకొన్నది. రక్తము రాలేదు. "కరవలేదు అయ్యగారూ, ఉత్త గోరే" అన్నాడు తండ్రి. మరుసటి రోజు ఆసుపత్రికి పోతే ఇద్దరి కూలి పోతుంది, మిరపకాయ కోతల రోజులవి. పక్క ఊళ్ళో ఆకు పసరు వేసే ఆయన ఉన్నాడు, తెల్లవారుజామున పోయి వస్తామన్నారు.

ప్రియులారా, ఈ ఒక్క విషయములో మీ పాస్టరు మాట గట్టిగా వినండి. రేబిస్ లక్షణములు కనబడిన తరువాత మనిషి బ్రతకడమన్నది దాదాపు లేదు. కాటుకు, లక్షణములకు మధ్య వారాలు, నెలలు కూడ పట్టవచ్చును గనుక, పసరు వేయించుకొని బాగున్నామనుకొనేవారు నిజానికి కరచిన కుక్కకు రోగము లేనందువలన బాగున్నారు. కరచినా, గోరు గీరినా, పుండు మీద నాకినా, వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషములు కడగాలి. పదిహేను నిమిషములంటే మనము పాడే కీర్తనలు మూడు నాలుగు. పసుపు, కారము, సున్నము, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవాలి. అక్కడ టీకా ఉచితము. చర్మములో వేసే సూది అయితే మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు. రక్తము వచ్చేలా కరచితే టీకాతోపాటు గాయము చుట్టూ సీరము కూడ వేయాలి. అది బాపట్ల, తెనాలి, రేపల్లె వంటి పెద్ద ఆసుపత్రులలో అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పెద్దవాళ్ళు ఇంకా భయపడుతున్నారు. అవి గొఱ్ఱె మెదడు నుండి చేసిన పాతకాలపు మందువి. మన దేశములో దాని తయారీ 2004 డిసెంబరులో ఆగిపోయింది. ఇప్పుడు వేసేది భుజానికి చిన్న సూది.

ఆ రాత్రే మా పంపు దగ్గర కడిగించాము. తెల్లవారి నేనే స్కూటరు మీద తండ్రిని, పిల్లను తీసుకుపోయాను. డాక్టరమ్మ సూది వేసి, "కుక్క మీ దగ్గరే ఉన్నదా? అయితే పది రోజులు కట్టి ఉంచి చూడండి. తినడము మానినా, చొంగ కార్చినా, నడక మారినా, చచ్చిపోయినా వెంటనే వచ్చి చెప్పండి" అన్నారు. కుక్కను చూచి తరువాత సూదులు వేయించుకొందామని ఆగకూడదని కూడ చెప్పారు.

కాపరి వచ్చాడు

మినుము తీసిన చేలలో మేపుకొంటూ, ఎరువు కోసము రైతుల పొలాలలో మంద పెడుతూ మెట్ట ప్రాంతముల నుండి గొఱ్ఱెల కాపరులు మన డెల్టాకు ఏటా వస్తారు గదా. ఫోటో ఒకరి నుండి ఒకరికి పోయి రేపల్లె వైపు మేపుతున్న మందవాళ్ళ ఫోనుకు చేరింది. శుక్రవారము మధ్యాహ్నము ఒక కాపరి, యాభై ఏండ్లుంటాయి, బస్సు దిగి నడుచుకొంటూ వచ్చాడు. పట్టీ లోపల ఏమున్నదో చెప్పమన్నాను. "రెండు రాగి మేకులయ్యా. ఒకటి ఊడితే ఇనప తీగతో కుట్టాను" అన్నాడు. సరిగ్గా అదే. కాని ఆ సాక్ష్యము అవసరమే లేకపోయింది. గేటు దగ్గర అతని గొంతు వినగానే కుక్క వేపచెట్టును పెకలించేటట్టు గుంజింది. యోబు తన మంద కాచే కుక్కలను గురించి ఒక మాట అన్నాడు (యోబు 30:1). ఆ కాలమునుండి ఈ పని చేసే జీవి ఇది.

అప్పటికి ఆరవ రోజు. పది రోజులు చూడాలని డాక్టరమ్మ మాట. కుక్క అతనిది, ఆపే హక్కు మాకు లేదు, మంద అక్కడ కుక్క లేకుండ ఉన్నది. ఏమి చేయాలి? అతనికి పిల్ల చేయి చూపించాను. అతడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "రోజూ పొద్దున్నే నేనే ఫోను చేసి చెబుతానయ్యా" అన్నాడు. చేశాడు కూడ, నాలుగు రోజులూ, ఆరు గంటలకే. పది రోజులు గడిచాక దానికి టీకా వేయించాలని పశువుల డాక్టరు గారు చెప్పిన మాట అతనికి చెప్పాను. 1962కు ఫోను చేస్తే పశువుల వైద్యము బండి వస్తుందని కూడ చెప్పాను, అది అతనికి ముందే తెలుసు.

తిండి ఖర్చు ఎంత ఇవ్వమంటారని అడిగాడు. 168వ సెక్షను ప్రకారము అడగవచ్చును. పిల్ల తల్లి మాత్రము, "తిరిగి వచ్చేటప్పుడు మా అరెకరములో ఒక రాత్రి మంద పెట్టి పో అన్నా" అన్నది. సరేనన్నాడు.

పట్టీ లేని కుక్క

మన వీధులలో ఎదురయ్యే కుక్కలలో ఎక్కువ భాగానికి పట్టీ ఉండదు, వెదకుకొంటూ వచ్చే కాపరీ ఉండడు. అక్కడ ఏమి చేయాలన్నది కష్టమైన ప్రశ్న. ఇది చెప్పేముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

సుమారు పదిహేనేండ్ల కిందట నేను వేరొక సంఘములో ఉన్నప్పుడు, క్రిస్మసుకు వారము ముందు గుడి మెట్ల కింద ఒక కుక్క ఈనింది. పండుగకు జనము వస్తారు, పిల్లలను కరుస్తుందేమోనని యౌవనస్థులతో చెప్పి తల్లిని, పిల్లలను వేరు వేరు సంచులలో వేయించి కాలువ అవతల వదిలించాను. మరునాడు ఉదయము తలుపు తీసేసరికి తల్లి కుక్క తడిసిపోయి మెట్ల కింద వాసన చూస్తూ తిరుగుతున్నది. పిల్లలు రాలేదు. ఆ సంవత్సరము పశువుల తొట్టిని గురించి ప్రసంగము చేయడము నాకు చాలా కష్టమైనది. నేను చేయించినది నేరమని మాత్రము అప్పుడు నాకు తెలియదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టము, 11వ సెక్షను, ఆకలి దప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలివేయుటను నేరముగా చెబుతున్నది. మొదటిసారి జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయలు. అంత తక్కువ గనుకనే ఎవరూ లెక్కచేయరు.

చంపితే అంత తేలిక కాదు. పాత శిక్షాస్మృతిలో 428, 429 సెక్షనులు జంతువు ఖరీదు పది రూపాయలా, యాభై రూపాయలా అని చూచేవి. న్యాయ సంహిత 325వ సెక్షనులో ఆ ఖరీదు ప్రసక్తి తీసివేశారు. ఏ జంతువునైనా చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేండ్ల వరకు జైలు ఉండవచ్చును. కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముడుపోయే లోకములో వాటిని లెక్కపెట్టిన తండ్రిని గురించి మనము చదువుతాము గదా (మత్తయి 10:29).

పంచాయతీ తీర్మానము చేసినా విషము పెట్టడము చట్టబద్ధము కాదు. పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెములో, ఇప్పుడది ఏలూరు జిల్లా, 2021 జూలైలో మూడు వందలకు పైగా కుక్కలను చంపి గుంటలో పూడ్చారన్న ఫిర్యాదు మీద పోలీసు కేసు అయినది. 2026 జనవరిలో తెలంగాణాలోని హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెలలో వందల కుక్కలను చంపించారని సర్పంచుల మీద కూడ కేసులు పెట్టారు. ఎన్నికలలో ఓటర్లకు ఇచ్చిన మాట అది అని వార్తలు వచ్చాయి.

అయితే ఆ ఓటర్ల భయము ఉత్తది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాబును కుక్కలు చంపిన దృశ్యము మనమంతా చూశాము. 2025 ఏప్రిల్‌లో మన గుంటూరులోనే, స్వర్ణభారతి నగర్‌లో, మరొక నాలుగేండ్ల బాబు అలాగే పోయాడు. అటువంటి తల్లి ముందు నిలబడి కుక్కల హక్కులను గురించి మాట్లాడే ధైర్యము నాకు లేదు. కుక్క మీద జాలి చూపించి పసిబిడ్డను మరచిన దయ దయ కాదు. కాని విషము పెట్టినంత మాత్రాన పల్లె భద్రమవుతుందా? చచ్చిన కుక్కల చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, అవి టీకా లేనివి, మన పిల్లలను ఎరగనివి.

చట్టము చెప్పే మార్గము 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలలో ఉన్నది. వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండ ఆపరేషను, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థది. చెవి అంచున గాటు పెట్టి, పట్టిన చోటనే తిరిగి వదలాలి. సుప్రీం కోర్టు 2025 ఆగస్టు 22న ఈ పద్ధతినే స్థిరపరచింది. రేబిస్ ఉన్నవాటిని, ఉన్నదని అనుమానమున్నవాటిని, మీదపడి కరిచే స్వభావము గలవాటిని మాత్రము తిరిగి వదలకూడదన్నది. అన్నము పెట్టేవారు అందుకు కేటాయించిన చోటనే పెట్టాలి, వీధిలో ఎక్కడబడితే అక్కడ కాదు. 2025 నవంబరు 7న ఇంకొక ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆటస్థలముల ఆవరణలలోని కుక్కలను తీసుకుపోయి, అక్కడికి మాత్రము తిరిగి వదలకూడదు. ఇది ప్రైవేటు బడులకు కూడ వర్తిస్తుంది. కాబట్టి సంఘము తరఫున బడి నడిపే కరస్పాండెంట్లు ప్రహరీ గోడకు పడిన కంత, మధ్యాహ్న భోజనము మిగులు పారవేసే చోటు ఈ వారమే చూచుకొనండి. కుక్కలు ఊరికే రావు.

జబ్బు చేసిన కుక్కను, పిచ్చిగా తిరిగే కుక్కను మీరు పట్టడానికి పోవద్దు. దారిన పోయే కుక్క చెవులు పట్టుకొనేవానిని గురించి సొలొమోను ఊరికే చెప్పలేదు (సామెతలు 26:17). పిల్లలను లోపలికి పిలిచి, పంచాయతీకి, పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. అనుమానమున్న కుక్కను విడిగా ఉంచి చూచే పని వారిది.

ఎవరిదీ కాని కుక్కను పెంచుకొంటామంటే మంచిదే. అయితే ఆ రోజు నుండి టీకాలు, పిల్లలు పుట్టకుండ చూచుకోవడము మీ బాధ్యత. అది మనుషుల ప్రాణానికి అపాయము తేగలదని ఎరిగి అశ్రద్ధ చేస్తే న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా. పొడిచే ఎద్దును కట్టక విడిచిన యజమానిని గురించి నిర్గమకాండము 21:29లో చూడండి.

మా కాకుమాను, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయాయి. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4 నుండి వేరే జిల్లా. కుక్కలకు ఆ సరిహద్దు లేదు గనుక అర్జీలు రెండు వైపుల నుండీ పోవాలి. మా స్త్రీల సమాజము వారు ఒక అర్జీ రాశారు. మా వీధిలో ఇన్ని కుక్కలు ఉన్నవి, ఇన్నింటికి చెవి గాటు లేదు, బడి దగ్గర ఇన్ని, గత ఆరు నెలలలో ఇంతమందిని కరచినవి, నిబంధనల ప్రకారము ఆపరేషను, టీకా శిబిరము పెట్టించండి అని. వీధి వీధి తిరిగి లెక్క రాసినది ఆ ఏడవ తరగతి అమ్మాయే. ఆ పిల్లకు ఇరవై ఎనిమిదవ రోజు సూది కూడ అయిపోయింది. అర్జీ ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి మండల పశువుల ఆసుపత్రిలో ఇచ్చి రసీదు తీసుకొన్నాము. శిబిరము ఇంకా పెట్టలేదు. వచ్చే గ్రామసభలో మళ్ళీ అడుగుతాము.